విండోస్ 10కి సపోర్ట్ ఆపేశారు, మా డిటిపి షాపు సిస్టమ్‌లు ఏం చేయాలి?

పల్నాడు_ప్రింట్స్
నరసరావుపేటలో చిన్న డిటిపి షాపు మాది, పందొమ్మిదేళ్లుగా ఇదే పని. నాలుగు సిస్టమ్‌లున్నాయి. రెండు ఐ3 ఏడో జనరేషన్, ఒకటి ఐ5 ఆరో జనరేషన్, నాలుగోది బాగా పాతది, కోర్ టు డ్యుయో, అందులో 32 బిట్ విండోస్. నాలుగూ విండోస్ 10 మీదే నడుస్తున్నాయి. మొన్న 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, విండోస్ 11కి పోదామని చెక్ చేస్తే నాలుగింటికీ అర్హత లేదనే వచ్చింది. దసరాకి పూజ చేసి పెట్టిన కుంకుమ బొట్లు ఇంకా సీపీయూల మీద చెరగలేదు.

ఒక్కటి కూడా ఇంతవరకు మొరాయించలేదు. రెండేళ్ల కింద ఎస్‌ఎస్‌డీలు వేయించా, ర్యామ్ 8 జీబీ చేయించా, కోరల్ డ్రా నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. కార్తీకం ముహూర్తాల శుభలేఖలు నెత్తి మీద ఉన్నాయి, ఇప్పుడు నాలుగు కొత్తవి కొనాలంటే లక్షన్నర పైమాటే. అడిగేదేంటంటే ఇవి ఇలాగే వాడుకుంటూ పోతే ఏమవుద్ది? నిజంగా ప్రమాదమా, లేక కొత్తవి కొనిపించడానికి భయపెడుతున్నారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సీను_అడ్మిన్
కంగారేం లేదన్నా. సిస్టమ్‌లు ఆగిపోవు, రోజూలాగే ఆన్ అవుతాయి. ఆగింది సెక్యూరిటీ ప్యాచ్‌లు. అంటే ఇకమీదట ఎవడైనా కొత్త కన్నం కనిపెడితే దాన్ని పూడ్చడానికి మేస్త్రీ రాడు, అంతే. ఇవాళ్టికివాళ ఏం కాదు గానీ నెలలు గడిచేకొద్దీ కన్నాలు పెరుగుతాయి.

ఇంకో ఏడాది టైమ్ ఉంది. ఈఎస్‌యూ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు) అని పెట్టారు, దాంట్లో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి మన సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌కి సింక్ చేస్తే ఉచితం, లేదంటే వాళ్ల రివార్డ్ పాయింట్లు వెయ్యి ఇవ్వాలి, రెండూ వద్దనుకుంటే 30 డాలర్లు. ఒక్క అకౌంట్ మీద పది సిస్టమ్‌ల దాకా చేసుకోవచ్చు. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, అప్‌డేట్ పేజీలోనే లింకు కనపడుతుంది. నిజానికి ఇది ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం పెట్టింది. ఆఫీసు డొమైన్‌లో ఉన్న వాటికి వేరే లెక్క, సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, మూడేళ్లకి కలిపితే 427. ఆ డబ్బుకి పాత సిస్టమ్ ఒకటి కాదు రెండొస్తాయి.

గోదారోడు
ఏం కాదండీ బాబూ, హాయిగా వాడుకోండి. మా తణుకు వైపు రైసుమిల్లు లెక్కలు ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తున్నాయి. దొంగోడు డబ్బున్నోడింటికి వస్తాడు గానీ డిటిపి షాపుకొచ్చి శుభలేఖలు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడు?

సీను_అడ్మిన్
గోదారోడు గారూ, అలా ఎంచుకుని వచ్చే రకం వేరే ఉంటారు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై వైరస్ గుర్తుందా? అది ఎవరి ముఖమూ చూళ్లేదు, తలుపు తీసున్న ప్రతి ఇంట్లోకీ దూరింది. దానికి మందు మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు, విండోస్ ఎక్స్‌పీ లాంటి సపోర్ట్ ఆగిపోయిన వాటిల్లో ఉన్నవాళ్లు మునిగారు. మన ఆంధ్రలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి, పేపర్లలో వచ్చింది. పల్నాడు అన్న దగ్గర పెన్‌డ్రైవ్‌లు రోజుకి ఎన్ని వస్తాయో అడగండి ముందు.

పల్నాడు_ప్రింట్స్
రోజుకి పాతిక ముప్పై తక్కువ ఉండవు. మ్యాటర్ తెచ్చేవాళ్లు సగం వాట్సాప్‌లో పంపుతారు, మిగతా సగం పెన్‌డ్రైవే. పిల్లలు ప్రాజెక్టు రికార్డులు కూడా వాటిల్లోనే తెస్తారు.

గోదారోడు
పెన్‌డ్రైవ్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ సీను గారూ, మీరు చెప్పిన వానాక్రైలోనే నా మాట కూడా ఉంది చూడండి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ తీసేశారు, గోల పెద్దదయ్యేసరికి మూడేళ్ల తర్వాత కూడా దానికి ప్యాచ్ ఇచ్చారు. అంటే ఇవ్వగలరు, ఇవ్వదలుచుకోలేదు. ఇప్పుడు కూడా 30 డాలర్లు కడితే ఇస్తామంటున్నారంటే ఆ ప్యాచ్ వాళ్ల దగ్గర తయారైనట్టే కదా. తయారైనదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవికి రేటు కట్టారు. నా కోపం అక్కడ.

టీచరమ్మ_కర్నూల్
మాది గవర్నమెంటు హైస్కూల్. ఊర్లో చదువుకుని బయటికి పోయిన పిల్లోళ్లు నాలుగేండ్ల కింద చందాలేసుకుని ల్యాబ్‌కి పదకొండు సిస్టమ్‌లు ఇప్పిచ్చినారు, అన్నీ వాడినవే, ఆరో జనరేషన్. ఎనిమిదో తరగతి పిల్లలు వాటిమీదే పెయింట్‌లో బొమ్మలు గీయడం, తెలుగు టైపింగు నేర్చుకుంటా ఉండారు. ఇప్పుడు ఇవన్నీ పనికిరావని ఆ చందాలిచ్చినోళ్లకి ఏ మొగం పెట్టుకుని చెప్పేది? మళ్లీ అడగలేను కదా.

ఇంగో సంగతి. ఈ ఏడాది ప్యాచ్‌లు యూరప్ దేశాలోళ్లకి సింక్ షరతు కూడా లేకుండా ఉచితంగా ఇస్తామన్నారు, అకౌంట్‌తో లాగిన్ ఉంటే చాలంట. అక్కడ వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగినాయి, వచ్చింది. మనం ఎవరిమైనా అడిగినామా? మన దేశంలో పాత సిస్టమ్‌లు ఎన్ని బళ్లలో, ఎన్ని మీసేవల్లో, ఎన్ని షాపుల్లో ఉండాయో ఒక్కసారి తలుచుకోండి.

తాతగారి_రేడియో
అడిగితేనే అమ్మైనా పెడుతుంది. టీచరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

ఓరుగల్లు_సాయి
అందరు మైక్రోసాఫ్ట్‌నే తిడుతున్నరు గని, సెక్యూరిటీ కోసం ఎక్కడో ఒక కాడ గీత గియ్యాలె కద. విండోస్ 11 అడిగే టిపిఎం అనే సెక్యూరిటీ చిప్పు ఉంటే పాస్‌వర్డులు, డిస్క్ తాళాలు హార్డ్‌వేర్‌లనే భద్రంగ ఉంటయ్. 2015ల వచ్చిన దానికి పదేండ్లు ప్యాచ్‌లిచ్చిన్రు, ఏ ఫోన్ కంపెనీ ఇస్తది అంత? పైగ సత్య నాదెళ్ల మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ల చదివిన మనిషి, 2014ల పగ్గాలు పట్టిండు, కంపెనీని ఎక్కడ్నుంచి ఎక్కడికి తీస్కపోయిండు చూడున్రి. నాకైతే గర్వమే.

గోదారోడు
గర్వం మాక్కూడా ఉంది తమ్ముడూ. బేగంపేట బడిలో చదివినాయన అంత ఎత్తుకెళ్తే సంతోషించని తెలుగోడు ఎవడుంటాడు. వాళ్ల నాన్నగారు యుగంధర్ గారు ఐఏఎస్, పల్లెటూళ్ల అభివృద్ధి మీద పనిచేసిన మనిషని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇంకా గట్టిగా అడగాలి అంటా. మనవాడు పెళ్లికి పెద్దయితే భోజనం దగ్గర మనల్ని లేపేసినా ఊరుకోవాలా?

సికింద్రాబాద్_రిపేర్
సాయి తమ్మీ, టిపిఎం గురించి ఒక మాట చెప్త విను, చేతుల పట్టుకుని చూసినోన్ని. ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ బోర్డుల్ల చాలావాటికి బయాస్‌ల పీటీటీ అని ఉంటది. ఆన్ చేస్తే టిపిఎం 2.0 ఉన్నట్టే చూపిస్తది. సెక్యూర్ బూట్ కూడ వస్తది. గన్ని ఉన్నా విండోస్ 11 మాత్రం వద్దంటది, ఎందుకంటే ప్రాసెసర్ లిస్టుల లేదు. ఇంటెల్‌ల అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే, ఒకటో రెండో తప్ప. ఏడుకీ ఎనిమిదికీ నడుమ ఏడాది కూడ తేడా లేదు. చిప్పు ఉండి కూడ రానియ్యరంటే గది ఉత్త సెక్యూరిటీ ముచ్చటేనా?

పల్నాడు అన్నా, రూఫస్ అనే టూల్‌తోని ఆ చెకింగ్ బైపాస్ చేసి ఎక్కించొచ్చు అని ఎవరన్న చెప్తరు, నేను కూడ కొందరికి ఎక్కించిన, నడుస్తున్నయ్. కని అట్ల ఎక్కించిన వాటికి అప్‌డేట్ల గ్యారంటీ లేదని కంపెనీయే రాసి పెట్టింది. నీ కోర్ టు డ్యుయోకి అయితే ఆ దారి కూడ బంద్, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ ప్రాసెసర్లల్ల బూటే కాదు.

పల్నాడు_ప్రింట్స్
@సికింద్రాబాద్_రిపేర్ ఆ పాతదానితోనే నాకు ఎక్కువ బాధ. అందులో పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఒకటుంది, డాంగిల్ అని తాళంచెవి లాంటి చిన్న ముక్క సిస్టమ్‌కి పెడితేనే తెరుచుకుంటుంది. ఆ డాంగిల్ డ్రైవర్ 32 బిట్‌ది. కొత్తది అడుగుదామంటే అమ్మినవాళ్ల ఫోన్ ఎప్పుడో పనిచేయడం మానేసింది. డాంగిల్ వదులైతే జారిపోతుందని వెనకాల సెల్లోటేపు చుట్టి పెట్టా, దుమ్ము దులిపేటప్పుడు మా ఆవిడ్ని కూడా దాని జోలికి రానివ్వను. పదిహేనేళ్ల పని అందులో ఉంది.

సీను_అడ్మిన్
అన్నా దానికి ఒకటే మందు. నెట్ కేబుల్ పీకెయ్. వైఫై డాంగిల్ ఉంటే అదీ తీసెయ్. పెన్‌డ్రైవ్ కూడా బయటివి పెట్టొద్దు, నీదొకటి విడిగా పెట్టుకుని, ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి, దాంతోనే ఫైళ్లు అటూ ఇటూ మార్చు. అలా ఉంటే ఇంకో ఐదేళ్లయినా నడుస్తుంది. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు, 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో లోడ్ అవదు. కాబట్టి దాన్ని ఎటూ మార్చలేవు. డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ, అంటే ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచుకో, ఇవాళే.

పెంగ్విన్_ప్రసాద్
ఇంతసేపు అందరూ ఓపిక పట్టారు, నేను చెప్పేస్తున్నా. లినక్స్ మింట్, విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఓఎస్. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేస్తే ఏడో జనరేషన్ ఐ3 గాల్లో తేలుతుంది. టీచరమ్మ గారి ల్యాబ్‌కైతే ఇంతకంటే మంచిది లేదు. కేరళలో ప్రభుత్వ బళ్లన్నీ ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి, పరీక్షలూ దానిమీదే. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులోనే మెనూలు ఉండేట్టు ఒక ఓఎస్ తెచ్చారు కూడా. లైసెన్సు ఖర్చు సున్నా, అకౌంట్ అడగదు, మన సెట్టింగ్స్ ఎవరి క్లౌడ్‌కీ పంపనక్కర్లేదు.

కంపోజర్_సుబ్బారావు
ప్రసాదూ, నువ్వు చెప్పేది బడికి సరే. డిటిపి షాపు సంగతి వేరు నాయనా. నేను ట్రెడిల్ ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరినవాణ్ని, అక్కడ్నుంచి కంప్యూటర్లో పేజీలు కట్టే పేజ్‌మేకర్‌కి వచ్చినవాణ్ని, నా మాట కాస్త ఓపిగ్గా వినండి.

మన తెలుగు డిటిపి అంతా అను ఫాంట్ల మీదా, శ్రీలిపి మీదా నిలబడింది. ఎందుకు? అప్పట్లో ఇంకో గతి లేదు. విండోస్‌లో తెలుగుకి గౌతమి ఫాంటు వచ్చిందే ఎక్స్‌పీ రోజుల్లో. గౌతమితో శుభలేఖ వేస్తే పెళ్లివారు ముఖాన కొడతారు. అను వాళ్లు అందమైన అక్షరాలు ఇచ్చారు, వాళ్ల మేలు మరవకూడదు. కాని లోపల జరిగిందేమిటంటే, అవి నిజం తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గళ్లలో మన తలకట్లూ, గుడులూ, వొత్తులూ ముక్కలు ముక్కలుగా పెట్టారు. ‘శ్రీ’ అని మనకి కనపడేది కంప్యూటరుకి ఏదో ఇంగ్లీషు గుర్తు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు తీసెయ్, పెళ్లికూతురి పేరు కాస్తా డాలరు గుర్తులూ, కొమ్ములూ, కుండలీకరణాలూ అయిపోతుంది. మా ఊళ్లో ఒకాయన తన తండ్రి శతకం 2003లో కంపోజ్ చేయించి సీడీలో దాచుకున్నాడు. మొన్న తెచ్చాడు. తెరిస్తే నూట ఎనిమిది పద్యాలూ ఇంగ్లీషు పిచ్చిరాతలే. ఆ పాత ఫాంటు ఎవరి దగ్గరుందో వెతికి పట్టుకునేసరికి నాకు పదకొండు రోజులు పట్టింది.

కాబట్టి మైక్రోసాఫ్ట్‌ని అనే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి అంటాను. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి యూనికోడ్, అందులో ఉన్న తెలుగు విండోస్‌లోనూ తెరుచుకుంటుంది, లినక్స్‌లోనూ తెరుచుకుంటుంది, ఫోన్లోనూ తెరుచుకుంటుంది. మన పని ఆ కంపెనీ గుప్పిట్లో ఇరుక్కోవడానికి సగం కారణం ఈ ఫాంట్లు.

పెంగ్విన్_ప్రసాద్
మాస్టారూ, పాదాభివందనం. ఇంత బాగా నేను చెప్పలేకపోయేవాణ్ని.

గోదారోడు
సుబ్బారావు గారు చెప్పింది బావుంది గానీ సగమే ఒప్పుకుంటా. చిన్న షాపోడు అప్పట్లో దొరికింది కొనుక్కున్నాడు, అది వాడి తప్పు ఎలా అవుతుందండీ? పేజ్‌మేకర్‌నే చూడండి, అడోబ్ వాళ్లు 2001లో 7.0 ఇచ్చాక మళ్లీ కొత్తది తేలేదు. 2013లో డబ్బాలో అమ్మే పద్ధతికి మంగళం పాడి అంతా నెలనెలా చందాల కిందకి మార్చారు. కొనుక్కుంటే మనది అనే రోజు అప్పుడే పోయింది. పేటలో షాపు పెట్టుకున్నోడు నెలనెలా డాలర్ల లెక్కన కడితే కరపత్రానికి ఎంత తీసుకోవాలి?

స్టూడియో_రాజు_తెనాలి
ఇది అన్నింట్లోనూ జరుగుతోంది. మాది ఫొటో స్టూడియో. గూగుల్ ఫొటోస్ అన్‌లిమిటెడ్ ఉచితం అన్నన్ని రోజులూ ఊరూరా అందరూ అలవాటు పడ్డారు, 2021 జూన్ 1 నుంచి 15 జీబీ లెక్కలోకి వచ్చేశాయి. ఇప్పుడు మా దగ్గరికొచ్చే పెళ్లివాళ్లు ఫోన్ నిండిపోయింది ఏం చేయాలని అడుగుతారు. నేనైతే ప్రతి పెళ్లికీ రెండు హార్డ్‌డిస్క్‌లు తీసుకోమంటా, ఒకటి అబ్బాయి ఇంట్లో, ఒకటి అమ్మాయి ఇంట్లో.

డాలస్_మాధవి
సపోర్ట్ పోయింది అనే మాటే ఒక ప్రమాదం, అది ఎవరూ అనలేదు. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు, ఏలూరులో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు. అక్టోబర్ చివర్లో ఏదో వెబ్‌సైట్ చూస్తుంటే స్క్రీన్ అంతా ఎర్రగా అయ్యి మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని వచ్చిందట. పేపర్లో కూడా విండోస్ 10 అయిపోయిందని చదివారు కదా, నిజమే అనుకున్నారు. ఫోన్ చేస్తే వాడు ఎంతో మర్యాదగా హిందీలో మాట్లాడి, ఒక యాప్ వేయించి, స్క్రీన్ వాడి చేతిలోకి తీసుకుని, రెన్యూవల్ అని చెప్పి 48 వేలు లాగాడు. నాకు చెప్పడానికి ఆయనకి మూడు రోజులు పట్టింది. డబ్బు కంటే ఆ మూడు రోజులు ఆయన అన్నం సరిగ్గా తినలేదని అమ్మ చెప్పినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్క మాట చెప్పండి. ఏ కంపెనీ కూడా స్క్రీన్ మీద ఫోన్ నంబర్ ఇచ్చి కాల్ చేయమనదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

టీచరమ్మ_కర్నూల్
మాధవీ, నాన్నగారికి తప్పు ఆయనది కాదని నువ్వే ఫోన్ చేసి చెప్పమ్మా, ఒకటికి రెండుసార్లు చెప్పు. మా స్టాఫ్ రూమ్‌లో ఇద్దరికి ఇట్లనే అయింది. 1930 నంబరు నేను రేపు అసెంబ్లీలో పిల్లలందరితో రాయిపిస్తా.

తాతగారి_రేడియో
నాకు అరవై ఎనిమిది. అదే ఎర్ర స్క్రీన్ నాకూ వచ్చింది, ప్లగ్ పీకేశాను. చదువుకున్న మా అబ్బాయి అదే కరెక్టు అన్నాడు.

ఓరుగల్లు_సాయి
మాధవక్క చెప్పింది చదివినంక మనసు మనసుల లేదు. నేను ముందు రాసిన దాంట్ల ఒకటి వాపస్ తీసుకుంట. గీత గియ్యాలె అన్న మాట మీద ఇప్పటికీ ఉన్న, కని గీత గీసేటప్పుడు అవతల ఎంతమంది ఉన్నరో చూడాలె. 24 కోట్ల పీసీలు చెత్తల పడొచ్చని మార్కెట్ లెక్కలు తీసే కెనాలిస్ వాళ్లు 2023లనే లెక్క కట్టిన్రు. ఇంకోపక్క ఏఐ డేటా సెంటర్లకు ఒక్క ఏడాదిల 80 బిలియన్ డాలర్లు పెడుతున్నమని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పిన్రు. గన్ని పైసలు ఉన్నప్పుడు పాత సిస్టమ్‌లకు ఇంకో రెండేండ్లు ప్యాచ్‌లు ఉత్తగ ఇస్తే ఏం తరుగుతది?

గోదారోడు
శభాష్ తమ్ముడూ. డేటా సెంటర్ అంటే గుర్తొచ్చింది, విండోస్ 10 ఆగిన అక్టోబర్ 14నే ఢిల్లీలో గూగుల్ వాళ్లు మన విశాఖకి 15 బిలియన్ డాలర్లు ప్రకటించారు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ అంతా అదే. మా మిల్లు గుమస్తా అడిగాడు, అన్ని కోట్లు పెట్టేవాళ్లు మన ఊరి కంప్యూటర్ ఎందుకు పడెయ్యమంటున్నారండీ అని. రెండూ వేర్వేరు కంపెనీలురా అని చెప్పాను గానీ, వాడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

సీను_అడ్మిన్
విశాఖ సంగతి ఇంకో చర్చ పెట్టండి, కరెంటూ నీళ్లూ అంటూ మొదలైతే ఇది దారి తప్పుతుంది. కంపెనీలు మన మాట వినవు అనే దానికి మాత్రం ఒక్క ఉదాహరణ చెప్పాలనుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు పడిపోయేవి. ప్రపంచం మొత్తం ఆ అక్షరాన్ని పంపుకుని ఆడుకుంది, రోజుల్లోనే యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చింది. అమెరికాలో ఫోన్లు పడిపోయాయి కాబట్టి అంత తొందర. అదే మన దగ్గర మాత్రమే పడి ఉంటే ఎన్నాళ్లు పట్టేదో అని అప్పట్లో మా ఆఫీసులో చాలా సేపు మాట్లాడుకున్నాం.

కంపోజర్_సుబ్బారావు
జ్ఞానం అని రాయలేని ఫోను! అప్పుడు నేను మా మనవడి ఫోన్లో చూశాను ఆ వింత.

పల్నాడు_ప్రింట్స్
సుబ్బారావు గారూ, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. యూనికోడ్‌కి మారాలని నాకూ ఉంది, రెండు అడ్డంకులున్నాయి. ఒకటి చెయ్యి. పందొమ్మిదేళ్లు యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కొట్టిన వేళ్లు ఇవి, కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, చూడకుండా కొడతా. యూనికోడ్‌కి వాడే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నేర్చుకుందామని కూర్చుంటే పావుగంటకి నాలుగు లైన్లు రాలేదు, బయట కస్టమర్ బైక్ స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. రెండోది ఫాంట్లు. శుభలేఖకి నిండైన అక్షరం కావాలి, కరపత్రానికి లావుది కావాలి.

పెంగ్విన్_ప్రసాద్
రెండింటికీ ఉంది అన్నా. లినక్స్‌లో టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌కి ఎం17ఎన్ అని ఒక ప్యాకేజీ ఉంటుంది, అందులో తెలుగు యాపిల్ లేఅవుట్ ఉంది, వచ్చేది నేరుగా యూనికోడ్. మీ చేతికి అలవాటైన దానికీ దానికీ కొన్ని కీలు తేడా ఉండొచ్చు, వారంలో పట్టుబడుతుంది. ఫాంట్లంటారా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి విడుదల చేయించినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రామభద్ర, ధూర్జటి, సూరన్న, మల్లన్న, తెనాలి రామకృష్ణ, పెద్దన, గురజాడ, చాలా ఉన్నాయి. కరపత్రం హెడ్డింగుకి రామభద్ర వేసి చూడండి, నిండుగా కూర్చుంటుంది. పేజీలు కట్టడానికి స్క్రైబస్ 1.6, 2024 జనవరిలో వచ్చింది, వొత్తులు బాగానే పడతాయి. కోరల్ డ్రా మాత్రం లినక్స్‌కి లేదు, ఇంక్‌స్కేప్ వాడుకోవాలి, దానికి అలవాటు పడాలి, అబద్ధం చెప్పను.

కంపోజర్_సుబ్బారావు
రామభద్ర బాగుంటుంది. శుభలేఖ లోపలి మ్యాటర్‌కి మాత్రం మల్లన్న పల్చగా అనిపిస్తుంది నాకు, సూరన్న వాడి చూడు. లగ్నపత్రికలో నక్షత్రం, పాదం రాసే చోట వొత్తు కింది గీతకి తగులుతుంది, లైన్ల మధ్య కాస్త ఎడం పెంచుకో.

సికింద్రాబాద్_రిపేర్
కొనాలనుకున్నోళ్లకు నా దిక్కునుంచి ఒక హెచ్చరిక. ఇప్పుడు మార్కెట్ల ‘విండోస్ 11 రెడీ’ అని స్టిక్కర్ ఏసి పాతవి అమ్ముతున్నరు. పోయిన వారం ఒకాయన ఓ షాపుల ఐ5 అని చెప్తే తెచ్చుకున్నడు, నా కాడికొచ్చి ఇప్పి చూస్తే ఆరో జనరేషన్, బైపాస్ చేసి ఎక్కించిన్రు. కొనేముందు సిస్టమ్ ఆన్ చేయించి ప్రాసెసర్ పేరు చూడున్రి. ఐ5 తర్వాత వచ్చే నంబర్ల మొదటి అంకె 8 గని 9 గని ఉండాలె, లేదా 10తోని, అంతకంటె పెద్ద అంకెతోని మొదలుకావాలె. బిల్లు మీద ఆ నంబర్ రాయించుకోవాలె. ఒప్పుకోకపోతే బయటికి నడువున్రి.

టీచరమ్మ_కర్నూల్
పోయిన ఆదివారం ఒక సిస్టమ్‌లో మింట్ ఎక్కించినాం, ప్రసాద్ గారు ఫోన్‌లో దగ్గరుండి చెప్పినారు. సోమవారం పిల్లలు వచ్చి చూసినారు. విండోస్ కాదని ఒక్కరూ అడగలా. టక్స్ పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో ముద్ర వేస్తే శబ్దం వస్తాదని తెలిసినాక దాని ముందర లైను కట్టినారు. మిగతా పదీ సంక్రాంతి సెలవుల్లో చేసేస్తాం.

డాలస్_మాధవి
టీచర్ గారూ, చదివి చాలా సంతోషం వేసింది. నాన్నగారి సిస్టమ్‌కి కూడా అదే వేయిద్దామనుకుంటున్నా. ఆయన చూసేది పేపర్లు, పంచాంగం, యూట్యూబ్‌లో పాత పాటలు, అంతే. 1930కి చేసిన కంప్లయింట్‌లో 19 వేలు బ్యాంకులో ఆపగలిగారట, ఇంకా చేతికి రాలేదు.

పల్నాడు_ప్రింట్స్
మూడు వారాలైంది, ఏం చేశానో రాస్తా, నాలాంటివాళ్లకి పనికొస్తుంది.

ఐ3లు రెండూ, ఐ5 ఒకటీ ఈఎస్‌యూలో చేర్చాను, డబ్బులు కట్టలేదు, అకౌంట్‌తో సింక్ చేశా. లాగిన్ కొత్త మెయిల్‌తో చేశా, మా పిల్లల ఫొటోలున్న మెయిల్‌తో చేయలేదు. పాతదానికి నెట్ కేబుల్ కత్తిరించేశా. పీకి పక్కన పెడితే ఎవరో ఒకరు మళ్లీ పెడతారని కట్టరుతో కోసేశా. డిస్క్ ఇమేజ్ రెండు కాపీలు, ఒకటి ఇంట్లో బీరువాలో, ఒకటి మా బావమరిది దగ్గర సత్తెనపల్లిలో.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఒక ఐ3లో మింట్ కూడా పక్కనే వేసుకుంది, సాయంత్రాలు వచ్చి యూనికోడ్‌లో కొడుతోంది. నాకంటే స్పీడు తక్కువే, కానీ దాని ఫైలు ఫోన్లో పంపితే పెళ్లివాళ్లు ఫోన్లోనే చదివి తప్పులు చెప్తున్నారు. ఇదివరకు ప్రూఫ్ ప్రింట్ తీసి ఇంటికి పంపేవాళ్లం. మొదటి కార్డు రొంపిచర్ల వాళ్లది, హెడ్డింగు రామభద్ర, లోపల సూరన్న, లైన్ల మధ్య ఎడం సుబ్బారావు గారు చెప్పినట్టే పెంచాం. పెద్దాయన కార్డు కంటికి దూరంగా పట్టుకుని చూసి, అక్షరం బాగుంది అన్నాడు.

ఇప్పుడు ఉన్న సమస్య పాత ఫైళ్లు. పదకొండు వేలకి పైగా ఉన్నాయి. నెట్‌లో దొరికిన కన్వర్టర్‌లో వేస్తుంటే ‘క్ష్మి’ దగ్గర తేడా కొడుతోంది, లక్ష్మి అని ఉన్నచోటల్లా వొత్తు ఎగిరిపోయి ‘లక్షి’ అవుతోంది. మన శుభలేఖల్లో లక్ష్మి లేని కార్డు ఉంటుందా?

పెంగ్విన్_ప్రసాద్
కన్వర్టర్ లోపల ఏ ముక్కకి ఏ అక్షరం అని ఒక పట్టిక ఉంటుంది అన్నా, అందులో ఆ ఒక్క వరస సరిచేస్తే సరిపోతుంది. మీ ఫాంటులో మ వొత్తు ఏ గుర్తు మీద ఉందో తెలియాలి.

కంపోజర్_సుబ్బారావు
ఆ పట్టిక నా దగ్గర కాగితం మీద ఉంది, తొంభైల్లో చేత్తో రాసుకున్నది, గోడకి అంటించి ఉండేది. రేపు ఫొటో తీసి పెడతాను. పల్నాడూ, లక్ష్మి ఉన్న ఫైలు ఒకటి ప్రసాదుకి పంపు, నాక్కూడా ఒకటి పంపు.

పల్నాడు_ప్రింట్స్
పంపుతున్నా మాస్టారూ. 2009 నాటి కార్డు, అందులో లక్ష్మి ఐదు చోట్ల ఉంది.